శనివారం సంతలో మంచం పట్టిన మనిషి

లొమాస్ వెర్దెస్, సాన్ హొసె శివారు
1 జులై 1996, సోమవారం

ఒదిలియాకు,

నీకు ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. సొంత అన్న పోతే పిడికెడు మట్టి వెయ్యడానికి కూడా రాని మనిషికి రాసేదేముంటుంది? "రాలేను. దేవుడు నీకు ధైర్యం ఇవ్వాలి" అని టెలిగ్రాం కొట్టి ఊరుకున్నావు. పదకొండేళ్ళ నాటి కోపం శవం ముందు కూడా చల్లారలేదన్నమాట అనుకున్నాను. నేను నిన్ను తిట్టిన మాట నిజమే, నువ్వు నన్నన్న మాటా నిజమే. అవి ఇప్పుడు తవ్వను. వేరే సంగతి అడగాలి. అడగడానికి ఈ భూమ్మీద నువ్వు తప్ప నాకింకెవరూ లేరు.

మొన్న శనివారం మొదటిసారి సంతకు వెళ్ళాను. మా చర్చి పక్కన, ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పెడతారే, అదే. ఇంటికి నాలుగు వీధుల దూరం. అయినా అది మొదలైన ఈ పదకొండు పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అబెలార్దో వెళ్ళనిచ్చేవాడు కాదు. "ఆ తొక్కిసలాటలో నీకెందుకు? శనివారం నీ దగ్గరకు బట్టలు కుట్టించుకునేవాళ్ళొస్తారు కదా" అనేవాడు. చీకటితో లేచి, ఆకుపచ్చ రంగేసిన ఆ తోపుడు బండి ఈడ్చుకుంటూ పోయి, ఏడింటికల్లా కూరలు తెచ్చి వంటింట్లో పడేసేవాడు. ఆ తర్వాత తనతో బస్సులు నడిపిన పాత డ్రైవర్లతో డామినో ఆటంటూ పోయి సాయంత్రానికి తేలేవాడు. వారానికొక్క రోజు ఆయనిష్టం అని నేనూ అడగలేదు.

ఆయన పోయి ఏడు వారాలైంది. ఇంట్లో ఒక్క కాయ లేదు. ఆ బండే తీసుకుని బయలుదేరాను. చయోటె కాయలు, కొత్తిమీర అమ్మే ఒకావిడ నన్ను కాదు, నా బండిని చూసింది. గబగబా బల్ల చుట్టూ తిరిగి వచ్చింది.

"ఇది అబెలార్దో గారి బండి కదమ్మా! ఆయనేరి? ఇన్ని వారాలై కంటికి కనపడడేం?"

"పోయారు. మే నెలలో. గుండె ఆగిపోయింది," అన్నాను.

ఆవిడ నడుంకి కట్టుకున్న గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది. పక్క బల్లల వాళ్ళు మూగారు. ఇంతమందికి ఆయనంటే ఇంత ప్రేమా అనుకున్నాను. అప్పుడావిడ అంది కదా:

"అయ్యో తండ్రీ! మరి మంచంలో ఉన్న ఆ తల్లి గతేం కాను?"

"ఏ తల్లి?"

"ఇంకెవరమ్మా, ఆయన భార్య! ఎర్మిందమ్మ! నడుం కింద చచ్చుబడి పదకొండేళ్ళు కాలేదూ? నువ్వు ఆవిడకి సాయంగా ఉండే మనిషివా?"

ఒదిలియా, నా రెండు కాళ్ళ మీద నేను నిలబడి ఉన్నాను. నా పేరు పెట్టి నేను చచ్చుబడ్డానని నాకే చెబుతోంది ఆవిడ. ఏం చెప్పానో తెలుసా? "అవునమ్మా, సాయంగా ఉంటాను. నా పేరు రొసార్యో" అన్నాను. ఎందుకన్నానో దేవుడికే తెలియాలి.

బండి నిండా కూరలు పోశారు. ఒక్కరూ సెంటిమో డబ్బు పుచ్చుకోలేదు. "ఆ తల్లికి మెత్తగా ఉడికించి పెట్టు" అని బొప్పాయి పండు ఒకరు, ఉడికించిన పెహిబాయె పళ్ళు ఇంకొకరు. అవన్నీ ఇప్పుడు నా వంటింట్లో ఉన్నాయి. చెయ్యి పెట్టబుద్ధి కావడం లేదు.

నీ అన్న నన్నెందుకు మంచాన పడుకోబెట్టాడు? నీకేం తెలుసో చెప్పు.

ఎర్మిందా

*

ఒరోసి లోయ
6 జులై 1996

వదినా,

నీ ఉత్తరం చూసి గుండె గుభేలుమంది. నువ్వు రాస్తావని అనుకోలేదు.

నాకేం తెలుస్తుంది? ఎవరో ఇంకొక అబెలార్దో అయ్యుంటాడు. సంతలో మనుషులు ఒకరి కథ ఒకరికి అంటగడతారు, నీకు తెలియందేముంది. ఆకుపచ్చ బండ్లు ఊరు నిండా ఉంటాయి. లేదా అన్నయ్య ఎప్పుడో నీకు జ్వరమొస్తే "మంచంలో ఉంది" అని ఉంటాడు, వాళ్ళు దాన్ని పెంచి పెద్ద చేసి ఉంటారు. ఆ మాట పట్టుకుని పోయినవాడి మీద అనుమానం పెంచుకోకు.

నా మాట విని ఇక ఆ సంతకు వెళ్ళకు. మీ వీధి చివర కొట్లో కూరలు దొరుకుతాయి కదా.

అంత్యక్రియలకు రానందుకు నువ్వు నన్నేమన్నా పడతాను. అప్పుడు ఇక్కడ వానలకు దారి కొట్టుకుపోయింది, మోకాలు కూడా నొప్పిగా ఉండింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. కాఫీ మొక్కలకు ఈ ఏడు పూత బాగా పట్టింది. కిటికీలోంచి చూస్తే కొండంతా పచ్చగా ఉంది.

ఒదిలియా

*

లొమాస్ వెర్దెస్
15 జులై, సోమవారం

ఒదిలియా,

దారి కొట్టుకుపోయిందా? మే పదో తారీఖుకి వానలు సరిగా మొదలే కాలేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ అబద్ధం ఆడితే అతకదని మీ అమ్మే చెప్పేది.

ఇంకొక అబెలార్దో కాదు. నిన్నగాక మొన్న మళ్ళీ వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? నేనెలా బతుకుతున్నానో ఆ సంతంతటికీ తెలుసు, నాకు తప్ప!

ఆ కొత్తిమీర ఆవిడ పేరు సీనియా. నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, వేడి వేడి బెల్లం నీళ్ళు చేతికిచ్చి, నాకు నా కథ చెప్పింది. నేను కాఫీ కోతల నుంచి వస్తూ లారీ దిగబోయి జారి పడ్డానట. నడుం రాతికి కొట్టుకుందట. ప్రతి శనివారం నా తల ఆయనే దువ్వుతాడట, చిక్కులు లాగకుండా కింద నుంచి పైకి. కాలి గోళ్ళు తీస్తాడట. నాకు వీపు మీద పుండ్లు పడకుండా మొక్కజొన్న పిండి రాస్తాడట. నేను గట్టిగా నవ్వుతానట, అపశ్రుతిలో పాడతానట. ఆయన "కాకి కూడా ఎగిరిపోతుంది, ఊరుకోవే" అంటాడట.

ఒదిలియా, ముప్ఫై నాలుగేళ్ళ కాపురం. ఆ మనిషి నా తలలో ఒక్కసారి దువ్వెన పెట్టలేదు. భోజనం దగ్గర "ఉప్పు", "ఇంకొంచెం", "చాలు". అంతే మా మాటలు. సంతలో ఉన్న ఆ ఎర్మిందాకు మాత్రం జడలల్లాడు. నాకు సిగ్గేసింది, ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. బెల్లం నీళ్ళ గ్లాసు ఠక్కున బల్ల మీద పెడితే సీనియా నా భుజం నిమిరి, "నీకూ ఆవిడంటే ప్రేమేనమ్మా రొసార్యో" అంది.

మైదానం అవతలి వైపు కుండలు, అల్లికలు, చెక్క సామాన్లు అమ్మేవాళ్ళ వరస ఉంది. అక్కడ తోబియాస్ అని ఒక ముసలాయన చెక్క గిన్నెలు చెక్కుతాడు. నన్ను పిలిచి, "పడుకున్న మనిషి ఒళ్ళో పెట్టుకుని రాసుకోవడానికి ఒక పలక చేసిచ్చానమ్మా, బాగుందా? దాని కాళ్ళు మడిచే చోట అరగలేదుగా?" అని అడిగాడు. బాగుందన్నాను. ఏ పలక? నా ఇంట్లో అలాంటిదేదీ లేదు.

కాబట్టి ఆ మనిషి ఎక్కడో ఉంది. ఆయన ఊహ కాదు. ఊహకి ఎవరూ పలక చేయించరు. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీ అన్నకు ఇంకొక ఆడది ఉందా?

తొందరగా రాయి. నాకు వ్యవధి లేదు. సంతవాళ్ళంతా కలిసి లాటరీ పెట్టి, ఎర్మిందమ్మకు చక్రాల కుర్చీ కొన్నారు. దాన్ని ఇరవై ఎనిమిదో తారీఖు ఆదివారం, పూజ అయ్యాక, నా ఇంటికి తీసుకొస్తారట. ఈ నెలే కొత్తగా వచ్చిన పాదిరీ గారు కూడా వస్తారట. నేను లేచి వెళ్ళి తలుపు తియ్యనా, లేక మంచమెక్కి పడుకోనా?

ఎర్మిందా

*

ఒరోసి
17 జులై

వదినా,

ఇంకొక ఆడది లేదు. మా అమ్మ మీద ఒట్టు. అన్నయ్య నిన్ను తప్ప ఇంకొకరిని ఎరగడు.

ఇంతకు మించి అడక్కు. ఆవిడ కూడా చనిపోయిందని వాళ్ళతో చెప్పేసెయ్. ఆ కుర్చీ ఎవరైనా అవసరమున్నవాళ్ళకు ఇచ్చేస్తారు. సంగతి అక్కడితో సమసిపోతుంది. నీ కాళ్ళు పట్టుకుంటాను వదినా, ఇందులో ఇక చెయ్యి పెట్టకు. తెలిస్తే బాధపడేది నువ్వే.

ఒదిలియా

*

లొమాస్ వెర్దెస్
22 జులై, సోమవారం

ఒదిలియా,

నువ్వు చెప్పినట్టే చెయ్యాలని వెళ్ళాను. "ఎర్మిందా పోయింది" అనడానికి నోరు కూడా తెరిచాను. సీనియా అప్పటికే నాకోసం తొలి కోత కొత్తిమీర కట్ట పక్కన తీసి పెట్టి ఉంది. దాని వేళ్ళకింకా తడి మట్టి అంటుకుని ఉంది. బతికుండగా నన్ను నేను పాతిపెట్టుకోలేకపోయాను.

"సీనియా, నా పేరు రొసార్యో కాదు. నేనే ఎర్మిందాని," అన్నాను.

"ఏ ఎర్మిందా?"

"అబెలార్దో భార్యని. నాకు ఏ జబ్బూ లేదు. నేనెప్పుడూ మంచాన పడలేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత నా కాళ్ళ వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పక్కన టమాటాలు తూస్తున్నవాడు తక్కెడ అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"పదకొండేళ్ళు!" అని అరిచింది సీనియా. "పదకొండేళ్ళు నీ పేరున జపమాల తిప్పానే! మా ఆయనకి జ్వరమొచ్చినా ముందు నీ పేరు చెప్పుకునే దేవుణ్ణి అడిగానే! వానలో తడుస్తూ, 'నాదేముంది, ఆ తల్లి కదల్లేక పడుంది' అనుకుని ఓర్చుకున్నానే! నువ్వు దుక్కలా ఉండి నా చేతి బెల్లం నీళ్ళు తాగావా?"

"నాకూ తెలియదమ్మా, నేనూ మీలాగే..."

"మొగుడు ఏం చెబుతున్నాడో తెలియని పెళ్ళాం ఉంటుందా? నా బల్ల ముందు నుంచి లే!"

కొందరు గొణిగారు. ఒకడు నేల మీద ఉమ్మాడు. ఎవరో "దొంగ ముసలాడు" అన్నారు. ఆయన్ని అనడం నేను తట్టుకోలేకపోయాను ఒదిలియా. ఇంటి దగ్గర వారం రోజులుగా నేను ఆయన్ని అనని మాట లేదు, కానీ పరాయివాడు అంటే చెయ్యెత్తాను. తోబియాస్ ముసలాయన అడ్డం వచ్చాడు.

"ఆగండయ్యా. దొంగైతే ఏం దోచుకున్నాడు? కొత్తిమీరా? నేను పలక చేసేటప్పుడు ఒక దారం తెచ్చిచ్చాడు, ఆవిడ ఒడి వెడల్పు కొలిచి. ఆ దారం ఈవిడ కొలతకి సరిపోదు, సన్నటి మనిషిది. ఆ మనిషి ఎక్కడో ఉంది. అది ఎవరో కనుక్కోండి ముందు," అన్నాడు.

అప్పుడు ఎవెలియో అని, బంగాళాదుంపల లారీ తెచ్చేవాడు ముందుకొచ్చాడు. టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ చెప్పాడు. "శనివారం శనివారం సరుకు అయిపోయాక నా లారీలో ఎక్కేవాడండీ. సంచీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని. అక్కడి వేడినీటి బుగ్గల్లో స్నానానికి వెళ్తున్నాడేమో అనుకున్నాను. ఒరోసి వంతెన దగ్గర దిగేవాడు. అక్కడ నీలం తలుపుల ఇల్లొకటి ఉంది. దాంట్లోకి పోయేవాడు."

ఆ ఇల్లు నాకు తెలుసు. నీలం రంగు కొనిచ్చింది నేనే, మీ అమ్మ బతికుండగా.

నిన్నంతా కూర్చుని నీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకుని చదివాను. కొండ కిటికీలోంచి చూశానన్నావు. కాఫీ తోటలో పుట్టి పెరిగినదానివి, నువ్వెప్పుడైనా కొండని కిటికీలోంచి చూశావా?

ఒక్క మాట అడుగుతాను. ఒదిలియా, నువ్వు లేచి నిలబడగలవా?

ఎర్మిందా

*

ఒరోసి
24 జులై

వదినా,

లేను.

పదకొండేళ్ళుగా లేను. తోబియాస్ గారు చేసిచ్చిన పలక మీదే రాస్తున్నాను. దాని కాళ్ళు అరగలేదని ఆయనకి చెప్పు.

ఇక దాచడానికేం లేదు కనుక అంతా చెబుతాను. మా అమ్మ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనలు నీకు గుర్తున్నాయి. నీకు మర్చిపోవడానికి వీల్లేకుండా నేనే మొదలుపెట్టాను. ఇంటినిండా చుట్టాలు ఉండగా, "మా అన్న వంశం నీతో ఆఖరు, ఎండుకొమ్మకి నీళ్ళు పోసుకుంటూ కూర్చున్నాడు" అన్నాను. అప్పటికి నీకు మూడు కాన్పులు పోయాయని నాకు తెలుసు. తెలిసే అన్నాను. నువ్వు జపమాల చేత్తో పట్టుకుని ఉన్నావు. నన్ను చూసి అన్నావు: "ఇంకొకసారి నా గుమ్మం తొక్కావా, నీ కాళ్ళు పడిపోను!"

అది సెప్టెంబరు. డిసెంబరులో కోతల నుంచి వస్తూ, వానలో, వంతెన దగ్గర లారీ దిగబోయి జారాను. సీనియా నీకు చెప్పింది చెప్పినట్టు నిజమే. ఆయన అక్కడ ఒక్క మాటే మార్చాడు. చెల్లెలు అనాల్సిన చోట భార్య అన్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఇక నడవదని చెప్పినప్పుడు అన్నయ్య నా మంచం పక్కనే ఉన్నాడు. నీకు దక్షిణాది సరిహద్దు దారిలో ఇరవై రోజులు డ్యూటీ పడిందని చెప్పాడే, అప్పుడు. నేను మొదట అన్న మాట నీ గురించే. "నీ పెళ్ళాం శాపం తగిలిందిరా అన్నయ్యా, వెళ్ళి చెప్పు, సంతోషిస్తుంది" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. "దానికి తెలియకూడదు. అది నోటితో అంటుంది గానీ, మనసులో పెట్టుకుని చస్తుంది. ఈ బరువు మొయ్యలేదు" అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తెలిసిన ఇద్దరు ముగ్గురి చేతా వేయించాడు.

మరి సంతలో ఎందుకలా చెప్పాడంటావా? నాకు ఒకసారి చెప్పాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారం, కూరలు కొంటూ ఉన్నట్టుండి ఏడుపు ఆపుకోలేకపోయాడట. సీనియా "ఏమైందన్నా, ఇంట్లో ఆవిడకా?" అందట. చెల్లెలికి అంటే ఆ మాట నాలుగు వీధులు దాటి నీ చెవిన పడుతుంది. అందుకని తలూపాడట. మరుసటి వారం "ఆవిడకెలా ఉంది?" అని అడిగారట. ఆ తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాడు. నిన్ను సంతకు రానివ్వనిది అందుకే. శనివారం మధ్యాహ్నానికి నా దగ్గరుండేవాడు. తల దువ్వేవాడు, గోళ్ళు తీసేవాడు, బాగా తిట్లు తినేవాడు.

వదినా, నీ మాట వల్ల నా కాళ్ళు పోలేదు. లారీ మెట్టు మీద బురద వల్ల పోయాయి. ఇది నేను నమ్మడానికి నాకే ఆరేళ్ళు పట్టింది. నీకెన్నాళ్ళు పడుతుందో అని భయపడే నీకు చెప్పలేదు. మొదట్లో కోపం వల్ల చెప్పలేదు, తర్వాత భయం వల్ల.

మే పదకొండో తారీఖు శనివారం. తల విప్పుకుని కూర్చున్నాను. పన్నెండైంది, రెండైంది. "డామినో నిజంగానే ఆడుతున్నాడు కాబోలు వెధవ" అని తిట్టుకున్నాను. సాయంత్రం దాకా తిట్టుకుంటూనే ఉన్నాను. నీ టెలిగ్రాం నాకు సోమవారం అందింది. నేను తిడుతున్నంతసేపూ ఆయన మట్టిలో ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పక్కింటి హసింతా పొద్దునా సాయంత్రం వచ్చి చూస్తోంది. ఆవిడకీ అరవై దాటాయి, నన్ను ఎత్తలేదు. జుట్టు కత్తిరించేసుకున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు. జాలితో మాత్రం రావద్దు.

ఒదిలియా

*

లొమాస్ వెర్దెస్
30 జులై, మంగళవారం

ఒదిలియా, తల్లీ,

నీ ఉత్తరం శనివారం పొద్దున్నే చేతికొచ్చింది. సగం చదివి నేల మీద కూర్చుండిపోయాను. నేను ఆ మాట అన్నానని నాకు గుర్తే లేదు! నువ్వన్నది మాత్రం అక్షరం అక్షరం గుర్తుంది, పదకొండేళ్ళు దాన్ని నెమరేశాను. నేనన్నది మాత్రం ఊసి వచ్చేశాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నీకు కాలు, నాకు నోరు. ఇద్దరికీ తీసుకునే దారి లేకపోయింది.

లారీ మెట్టు మీద బురద అని నువ్వు రాశావు. నమ్మడానికి ప్రయత్నిస్తాను. ఇప్పటికైతే నా చేతులు చూసుకుంటే జపమాల కనపడుతోంది.

తలుపు కూడా వెయ్యకుండా సంతకు పరుగెత్తాను. సీనియా నన్ను చూసి మొహం తిప్పుకుంది. నీ ఉత్తరం ఆవిడ బల్ల మీద, కొత్తిమీర మధ్యలో పెట్టాను. "నాకు కళ్ళద్దాలు లేవు" అంది ముభావంగా. నేనే చదివాను, పైకి, అందరి ముందూ. నా శాపం దగ్గర ఆగలేదు. ఆ మాట కూడా గట్టిగానే చదివాను. చదువుతుంటే ఒకామె గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

అయిపోయాక సీనియా కత్తి తీసి చయోటె కాయ ఒకటి కోసింది, రెండోది కోసింది, అక్కర్లేకపోయినా.

"నాకు నీ మీద కోపం పోలేదు," అంది చివరికి. "ఆయన మీద అసలే పోలేదు. ఒక్క ముక్క నాతో అంటే నేను దాచనా? కానీ జపమాల తిప్పింది నడుం పడిపోయిన ఆడదాని కోసం. ఆవిడ ఉంది కదా. అది వృథా పోలేదు." కోసిన ముక్కలు పక్కకి తోసి, "ఇప్పుడు ఆ పిల్ల తల ఎవరు దువ్వుతున్నారు?" అంది.

జుట్టు కత్తిరించేసుకుందని చెప్పాను. ఆవిడ అక్కడే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకరినొకరం పట్టుకోలేదు, ఆ బల్లకి చెరోవైపు ఆనుకుని ఏడ్చాం.

ఆదివారం కుర్చీ నా ఇంటికి రాలేదు. ఎవెలియో లారీలో ఉంది. వచ్చే శనివారం దాంతో పాటు నేనూ వస్తున్నాను. జాలితో రావద్దన్నావు. జాలి కాదు, సిగ్గుతో వస్తున్నాను, దానికి నువ్వు అడ్డం చెప్పడానికి వీల్లేదు. నాకు మనిషిని ఎత్తడం రాదు, నేర్పు. నువ్వు తిట్టాలనుకుంటే అన్నీ దాచి ఉంచు, ఒక్కసారే తిను అంటే తింటాను.

నీ వదిన
ఎర్మిందా

*

ఒరోసి
26 ఆగస్టు, సోమవారం

వదినా,

నువ్వు బస్సెక్కి రెండు గంటలు కాలేదు, అప్పుడే రాస్తున్నాను. నోటితో చెప్పలేనిది ఒకటుంది.

నువ్వు మొదటిసారి వచ్చిన రోజు నా గుమ్మం బయట అరగంట నిలబడ్డావు. కుర్చీ లోపలికి వచ్చింది, ఎవెలియో వచ్చాడు, నువ్వు రాలేదు. "రావే వదినా, నేను లేచొచ్చి పిలవలేను కదా!" అని నేను అరిస్తే అప్పుడు వచ్చావు. ఆ తర్వాత మనం పెద్దగా మాట్లాడుకోలేదు కూడా. నన్ను రెండుసార్లు కింద పడేశావు, మూడోసారి పట్టుకున్నావు. మూడు వారాలకు బాగానే నేర్చుకున్నావు, ఒప్పుకుంటున్నాను.

అందుకే మొన్న శనివారం సంతకు తీసుకెళ్తానంటే సరేనన్నాను. పదకొండేళ్ళుగా ఇన్ని మొహాలు ఒక్కసారిగా చూడలేదు. అంత ఆకుపచ్చ రంగు చూడలేదు. చూసినవాళ్ళంతా "అయితే నువ్వేనన్నమాట" అన్నారు. "అవును, నేనే, భార్యని కాదు, ఆడపడుచుని, ఇంకా గయ్యాళిని" అన్నాను. తోబియాస్ గారు దారంతో మళ్ళీ నా ఒడి కొలిచి, "చెప్పానా, సన్నటి మనిషని!" అని చుట్టూ చూపించుకున్నారు. ఇదంతా నువ్వూ చూశావు.

నువ్వు చూడనిది ఇది. నువ్వు పెహిబాయె పళ్ళు తేవడానికి అవతలి వరసకి వెళ్ళినప్పుడు సీనియా నా కుర్చీ పక్కన పీట వేసుకుంది. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలూ చూసింది. ఏమిటమ్మా అంటే, సిగ్గుపడుతూ అడిగింది.

"ఆయన చెప్పిన ఒక సంగతి నాకు ఎప్పుడూ అందంగా అనిపించేది. నిన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన చెప్పేవాడు, 'సీనియా, నాకు రాత్రంతా ఒకే పక్కన పడుకోవడం అలవాటైపోయింది. మా ఆవిడ నిద్దట్లో నా చొక్కా గుండీ పట్టుకుంటుంది. తనకి తెలియదు. పక్కకి తిరిగితే చెయ్యి జారిపోతుందని తెల్లారేదాకా కదలను' అని. ఆ మాట నిజమేనా అమ్మా? ఆ వేళ్ళు ఇవేనా?"

నువ్వప్పుడే పళ్ళ పొట్లంతో తిరిగి వస్తున్నావు, ఎవరితోనో ఎండ గురించి గొడవ పడుతూ.

వదినా, అన్నయ్య ఏ రాత్రీ నా ఇంట్లో పడుకోలేదు. నేనెప్పుడూ ఎవరి గుండీ పట్టుకుని పడుకోలేదు. సీనియాకు ఆ సంగతి చెప్పాను. ఆవిడ తలెత్తి నిన్ను చూసింది, నువ్వు దగ్గరకొచ్చేదాకా చూస్తూనే ఉంది. ఆ తర్వాతే నీ బండిలో కొత్తిమీర కట్ట వేసింది.

ఒదిలియా